భోజన్న చేతి ఉప్పు

బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు పెళ్లి కుదిరిందంటే పంతులు కంటే ముందు భోజన్నను మాట్లాడుకునేవారు. పేరు చూసి వంటవాణ్ని చేశారేమో అనుకునేరు, అదేం లేదు. తాత పేరు పెట్టారు, అంతే. అయినా జనం ఊరుకుంటారా? పేరుకు తగ్గ పనే దొరికింది నీకు అని జీవితమంతా ఏడిపించారు. పైకి విసుక్కునేవాడు గానీ, ఆయనకూ ఆ ఏడిపింపు ఇష్టమే.

తండ్రి చెరుకు గానుగ దగ్గర బెల్లం వండేవాడు. మంట ఎక్కడ తగ్గించాలో, పాకం ఎప్పుడు దించాలో చూస్తూ పెరిగిన పిల్లవాడు మెల్లగా పెళ్లి వంటల దగ్గర చేరాడు. నీళ్లు మోశాడు, ఉల్లిగడ్డలు కోశాడు, మీసాలొచ్చేసరికి గరిటె పట్టి మాస్టరయ్యాడు. వర్ని, కోటగిరి దాటి, సరిహద్దు అవతల ధర్మాబాద్ దాకా పోయి మరాఠీ వాళ్ల పెళ్లిళ్లకు కూడా వండి వచ్చాడు. ఆయన గొప్పంతా ఉప్పులో ఉందనేవారు. చెంచా ముట్టడు, తూకం అడగడు. గుప్పిట్లోకి ఉప్పు తీసుకుని కూర ఉడికే పెద్ద గంజు మీదుగా ఒక్క తిప్పు తిప్పి విదిలిస్తాడు. ఇక ఎంత మంది తిన్నా ఎవరూ నోరెత్తే పని లేదు.

మన దగ్గర విస్తరి వేయగానే ముందు ఓ మూల చిటికెడు ఉప్పు పెడతారు కదా. భోజన్న వండిన పందిట్లో అది కుదరదు. ఆకులో ఉప్పు పెడితే నా మొఖాన ఉమ్మేసినట్టే అనేవాడు. ఒక పెళ్లిలో పిల్ల మేనమామ తెలియక ఉప్పు డబ్బా పట్టుకుని బంతి వెంట నడిచాడు. భోజన్న గరిటె అక్కడే పడేసి, తువ్వాలు భుజాన వేసుకుని, బస్సెక్కడానికి బయలుదేరాడు. రెండు వైపుల వాళ్లూ వెంటపడి బతిమాలి తెచ్చుకోవాల్సి వచ్చింది. అంత పొగరు మనిషి. పొగరే గానీ పనిలో వంక పెట్టడానికి లేదు, ఏం చేస్తాం!

మోకాళ్లు అరిగాయి, పెళ్లిళ్లు కేటరింగ్ వాళ్ల చేతికి పోయాయి. అప్పుడు నిజామాబాద్‌లో ప్రమీలమ్మ నడిపే వంట బడిలో సారుగా చేరాడు. వినాయక్‌నగర్‌లో చిన్న బిల్డింగు, వెనక రేకుల షెడ్డులో పొయ్యిలు. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు ఆరు నెలలు నేర్చుకుంటారు. వాళ్లు వండిందంతా పక్కనే ఉన్న ఆడవాళ్ల హాస్టలుకు పోతుంది. మొదట్లో పిల్లలు సార్ అని పిలిస్తే, ఎవరిని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూసేవాడు. కొన్నాళ్లకు ఎంత అలవాటైందంటే, ఎవరైనా పాతవాళ్లు కనబడి మాస్టర్ అంటే మొఖం ముడిచేవాడు.

కోర్సు చివరి రోజు తల్లిదండ్రుల్ని పిలిచి పిల్లలే వండి పెడతారు. తిన్నాక భోజన్న సార్ మాట్లాడతాడు. ప్రతిసారీ ఒకటే మాట. "నాలుకను నమ్ముకోండ్రి బిడ్డా. పుస్తకం మర్చిపోయినా, నేను సచ్చిపోయినా, మీ నాలుక మీ ఎంబడి వస్తది." అంత చెప్పి కూర్చుంటాడు. పోయే పిల్లలు ఏడుస్తారు. పాత బ్యాచుల్లో ఆ మాటను ఫోన్లలో స్టేటస్ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఈసారి మాత్రం ఆ రోజు దగ్గరపడుతున్న కొద్దీ భోజన్న కేలెండరు వైపు చూడటం మానేశాడు. ఆ మాట చెప్పే మొఖం తనకు లేదని ఆయన భయం.

సంగతేమిటంటే, కిందటి వానాకాలంలో ఒకరోజు పాఠం చెబుతూ చెబుతూ కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. డాక్టరు బీపీ అన్నాడు, గోళీలు రాశాడు, ఉప్పు మానమన్నాడు. ఈయన మానేవాడేం కాదు, కానీ ఇంట్లో వండేది సత్తవ్వ. కట్టుకున్నప్పటి నుంచి ఆయన పొగరు చూస్తున్న మనిషి, ఆమె ముందు ఈయన ఆటలు సాగవు. ఊరందరికీ ఉప్పు వేసిన మొగుడికి సొంత ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియకుండా చేసింది. మొదట్లో గడ్డి మేస్తున్నట్టుందని రోజూ కొట్లాట. రాను రాను కొట్లాట తగ్గింది. తర్వాత చప్పిడి కూర కూరలాగే అనిపించడం మొదలైంది. అక్కడే వచ్చింది తంటా.

చలికాలంలో జక్రాన్‌పల్లిలో చుట్టాలింటికి పోయి భోజనానికి కూర్చుంటే, పప్పు నోట్లో పెట్టలేకపోయాడు. గింత ఉప్పు ఎవ్వలు పోసిండ్రు అని చుట్టాన్ని నలుగురిలో కడిగేశాడు. ఆ మనిషి బిత్తరపోయాడు. పక్కన కూర్చున్నవాళ్లు అదే పప్పును మళ్లీ మళ్లీ వేయించుకుని తింటున్నారు. అది చూశాక భోజన్నకు తెలిసొచ్చింది. తప్పు పప్పులో లేదు.

తిరుగు బస్సులో కూర్చుంటే ఒక్కొక్కటీ తోచాయి. ఈ బ్యాచ్ దసరా అయ్యాక మొదలైంది. అంటే మొదటి రోజు నుంచీ పిల్లల వంటకు సరిపోయింది, సరిపోలేదు అని తీర్పు చెబుతున్నది ఈ చెడిపోయిన నాలుకే. తనకు సరిపోయిందంటే లోకానికి చప్పిడి. అమాయకపు పిల్లలు, సారు తల ఊపితే అదే సరైన ఉప్పనుకుని చేతులకు అలవాటు చేసుకుంటున్నారు. తన రోగాన్ని తీసుకెళ్లి బ్యాచ్ మొత్తానికీ అంటించాడన్నమాట!

పోనీ ఇంకొంచెం వేయమని చెబుదామా అంటే, ఎంతని చెబుతాడు? ఎంతో తెలిసిన నాలుక పోయె. ప్రమీలమ్మకు చెబితే, రుచి తెలియని వంట సారు నాకెందుకంటుందేమో. ఆమె అలాంటి మనిషి కాదు గానీ, భయం పట్టినవాడికి మంచీ చెడూ కనబడతాయా? సత్తవ్వకు చెబితే ఆ బడి మానేసి ఇంట్లో కూర్చో అంటుంది. ఆ పొయ్యిలూ ఆ పిల్లలూ లేకపోతే తను పొద్దున్న లేచి ఏం చేయాలి? ఇదంతా ఆలోచించుకుని ఎవరికీ చెప్పకుండా మింగేశాడు. రోజూ బడికి పోవడం, శిష్యురాలు నిరోష గిన్నెలో తెచ్చిచ్చిన కూర నాలుక మీద వేసుకోవడం, సరిపోయిందని తల ఊపడం. నిద్ర పట్టక మనిషి సగమైపోయాడు. బీపీకి ఉప్పు మానిపించారు గానీ, బెంగ మానిపించడం ఎవరి చేతిలో ఉంది చెప్పండి.

నిరోష బోధన్ వైపు చెరుకు రైతు రాజమల్లు కూతురు. మాట తక్కువ, పని ఎక్కువ. ఆమెకు హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో పని ఖాయమైంది. అదే బ్యాచ్‌లోని బంటికి బాల్కొండ హైవే మీది హోటల్లో దొరికింది. ఇలాంటి చోట్ల మొదటి రోజే వండిస్తారు. ఉప్పు తప్పిందా, మర్యాదగా సంచీ సర్దుకోమంటారు. పిల్ల అంత దూరం పోయి, తలవంచుకుని తిరుగు బస్సెక్కితే ఆ పాపం ఎవరిది? భోజన్న మనసులో ఒక నిర్ణయానికొచ్చాడు. చివరి రోజు తల్లిదండ్రుల బంతిలో ఎవరైనా ఒక్కరు ఉప్పు అడిగితే చాలు, అక్కడే అందరి ముందు నిజం చెప్పేస్తాడు. ఈ పిల్లల చేతులు సరిగా లేవు, తప్పు నాది, ఎవరినీ పంపకండి అంటాడు. తర్వాత తన పరువు ఏమైతే కానీ.

ఆ రోజు రానే వచ్చింది. ఎండ మండిపోతోంది. బడి ముందు షామియానా వేసి రెండు కూలర్లు పెట్టారు. పిల్లల వాళ్లంతా మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. సత్తవ్వ కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. బగార అన్నం, కోడికూర, వంకాయ కూర, పప్పుచారు, పెరుగు. సారు నియమం పిల్లలకు తెలుసు కాబట్టి విస్తరిలో ఉప్పు లేదు.

భోజన్న షామియానా గుంజ పట్టుకుని నిలబడి తినేవాళ్ల నోళ్లు చూడసాగాడు. ఒక ముసలామె చెయ్యి పైకెత్తింది. అయిపోయింది, అనుకున్నాడు. ఆమెకు కావలసింది నీళ్లు. ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. భోజన్న ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు. కూర మళ్లీ వస్తుందా అని అడుగుతున్నాడు. బంతి సగమైంది, ముప్పాతిక అయింది. పప్పుచారు బకెట్లు మారుతున్నాయి. వంకాయ కూర అడిగి అడిగి వేయించుకుంటున్నారు. ఉప్పన్న మాట ఏ నోటా రాలేదు.

భోజన్నకు ప్రాణం లేచొచ్చింది. తను సరిపోయిందన్న వంటే వీళ్లకూ సరిపోయింది, అంటే నాలుకకు ఏమీ కాలేదు! జక్రాన్‌పల్లి పప్పే ఉప్పు కషాయం అయి ఉంటుంది, అక్కడివాళ్లకు అలా అలవాటేమో. ఇన్నాళ్లూ ఉత్త పుణ్యానికి కుమిలిపోయానని తనను తాను తిట్టుకున్నాడు. గుంజ వదిలేసి, మీసం సర్దుకుని, పాత భోజన్నలా బంతి మధ్యలో నడిచాడు.

అప్పుడే రాజమల్లు చెయ్యి పట్టుకుని తమ వరుసలో కూర్చోమని గుంజాడు. మా బిడ్డకు ఇంత చేసిన సారు నిలబడి ఉంటే మాకు మెతుకు దిగదన్నాడు. మామూలుగా భోజన్న అందరూ తిన్నాక లోపల తింటాడు, నిరోష తెచ్చి పెడుతుంది. ఇవాళ సంతోషంలో ఉన్నాడు కదా, సత్తవ్వ పక్కనే చోటు చూసుకుని కూర్చున్నాడు. బంటి హడావిడిగా వచ్చి అందరికీ పోసినట్టే ఆయనకూ బకెట్లోంచి పప్పుచారు పోసి ముందుకు పోయాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టాడు. నోరంతా ముడుచుకుపోయింది. ఉప్పు. జక్రాన్‌పల్లి పప్పు ఎంత ఉప్పగా ఉందో ఇదీ అంతే ఉప్పగా ఉంది. తల ఎత్తి చూశాడు. ఎదురుగా రాజమల్లు, అటూ ఇటూ ఉన్నవాళ్లు, అందరూ జుర్రుకుంటున్నారు.

సత్తవ్వ ఆయన మోచేతిని మెల్లగా తాకింది. "అది తినకు. నీది వస్తున్నది" అంది.

"నాదా? నాదేంది?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వంటింటి గుమ్మంలో నిరోష నిలబడి ఉంది. చేతిలో చిన్న స్టీలు గిన్నె. సారు ముందున్న విస్తరినీ, పప్పుచారునూ చూసి ఆ పిల్ల మొఖంలో నెత్తురు చుక్క లేదు. భోజన్న ఆ గిన్నెను చూశాడు, పెళ్లాన్ని చూశాడు. రోజూ తన దగ్గరికి వచ్చే గిన్నె అది. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

బంతి మధ్యలో లేవడం తినేవాళ్లను అవమానించడమే. అందుకని లేవలేదు. పెరుగన్నం నాలుగు మెతుకులు కెలికి, అందరితో పాటు చెయ్యి కడుక్కుని, వంటింట్లోకి పోయి తిరగేసిన గంజు మీద కూర్చున్నాడు. నిరోష వెనకే వచ్చి దూరంగా నిలబడింది. ఎప్పటి నుంచి అని అడిగాడు.

రెండో నెల నుంచట. సారు రోజూ ఉప్పు తగ్గించండి అంటుంటే తగ్గించారు. హాస్టలు నుంచి అన్నం తిరిగొచ్చింది. కూర చప్పగా ఉందని అక్కడి అక్కలు తిట్టారు. సారుకు చెప్పేద్దామని బంటి అన్నాడు. ఎవరికీ నోరు రాలేదు. చివరికి నిరోషే సారింటికి పోయి సత్తవ్వను అడిగింది. సత్తవ్వ తల పట్టుకుంది. ఇంట్లో నేను ఉప్పు దాస్తే బడిలో రోజూ ఇన్ని గంజుల కూర నాకుతున్నాడా అంది. ఆయనకు చెప్పొద్దు, చెబితే కుంగిపోతాడు, ఆయన వంతు ముందే తీసి పెట్టండి అంది. అప్పటి నుంచి చివరి ఉప్పు వేసే ముందు సారు గిన్నె పక్కకు తీసేవాళ్లు. తర్వాత మిగతా ఉప్పు వేసి, ముగ్గురు రుచి చూసి హాస్టలుకు పంపేవాళ్లు. ఎంత వేయాలన్నది సారు చేతిని చూసే నేర్చుకున్నామని నిరోష చెప్పింది. రుచి చూశాక తగ్గించమనేవాడే గానీ, వేసి చూపించేటప్పుడు గంజు మీద ఆయన చెయ్యి పాత అలవాటుగానే తిరిగేదట.

భోజన్న కొంగు వెతుక్కునే ఆడదానిలా తువ్వాలు కోసం తడుముకున్నాడు. పిల్లల చేతులు చెడిపోలేదు. నిరోష హైదరాబాద్ పోవచ్చు, బంటి బాల్కొండ పోవచ్చు. ఆ సంతోషానికి గంజు మీదే కూర్చుని ఏడవాలనిపించింది. మరోపక్క అరికాలి మంట నెత్తికెక్కింది. తన ఇల్లు, తన బడి, తన పిల్లలు, అందరూ కలిసి తనను ఎత్తుకుని ఆడించే పసివాణ్ని చేశారు. లేచి మొఖం కడుక్కున్నాడు. బయట ప్రమీలమ్మ మైకులో ఆయన పేరు పిలుస్తోంది.

పోయి మైకు అందుకున్నాడు. పిల్లలు ఆ పాత మాట కోసం ఎదురుచూస్తున్నారు, ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

"నేను ప్రతిసారి ఒక మాట సెప్తుంటి, నాలుకను నమ్ముకోండ్రి అని. గా మాట వాపస్ తీసుకుంటున్న."

ఫోన్లు కిందికి దిగాయి. భోజన్న దాచకుండా అంతా చెప్పాడు. బీపీ సంగతి, జక్రాన్‌పల్లి సంగతి, గిన్నె సంగతి. మీరు ఇవాళ తిన్న ఉప్పు మీ పిల్లలది, అందులో నాది ఏమీ లేదు, కాబట్టి ధైర్యంగా పంపించండి అని తల్లిదండ్రులకు చెప్పాడు. కొందరు చప్పట్లు కొట్టబోయి, ఆయన మొఖం చూసి ఆగిపోయారు.

"రేపు మీరు గూడ పెద్ద మాస్టర్లయితరు బిడ్డా. అప్పుడు మీ ముంగట నిలవడి, మాస్టర్, ఉప్పు తప్పింది అని ఎవ్వలు సెప్పరు. కింద పనిసేసేటోళ్లు భయంతోని సెప్పరు. ఇంటోళ్లు ప్రేమతోని, పాయిరంతోని సెప్పరు." సత్తవ్వ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. "మీరు నన్ను మంచిగనే సూసుకున్నరు. మీ కడుపు సల్లగుండ. కానీ మీ బతుకులు ఖరాబ్ జేసిన్నని నేను ఒక్కణ్నే భయపడుకుంట తిరిగిన. నిద్ర లేదు నాకు. ఒక్కలు సెప్పినా గంత బాధ ఉండకపోవు."

నీళ్లు తాగాడు. తర్వాత మాట్లాడింది నెమ్మదిగా మాట్లాడాడు. "ఏ వంటింట్ల ఉన్నా, ఎదురు సెప్పేటోణ్ని ఒకణ్ని పక్కన పెట్టుకోండ్రి. ఆడు సెప్పినప్పుడు గుస్స కాకుండ్రి. నేను జిందగంత గుస్సయిన, గందుకే నాకు ఎవ్వలు సెప్పలే. ఇగ ఇప్పుడు మీరు పోతున్నరు. పోయేముందు ఒక్కలన్న నాకు సెప్పుండ్రి. నేను ఏం మార్చుకోవాలె?"

బంటి నేల చూపులు చూస్తున్నాడు. ఎవరో మీరు దేవుడు సార్ అన్నారు. భోజన్న అది కాదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపి, అలాగే నిలబడి ఉన్నాడు. పాపం, ఆ నిలబడటం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

నిరోష లేచింది. రాజమల్లు కూతురి చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయాడు. ఆమె విడిపించుకుంది.

"సార్, వచ్చే బ్యాచ్‌కు మీరు రుచి చూడొద్దు."

ప్రమీలమ్మ కుర్చీలోంచి సగం లేచింది. రాజమల్లు మొఖం మాడిపోయింది. పెద్దమనిషిని ఇంతమందిలో అలా అంటారా? నిరోషకు కళ్లు కారిపోతున్నాయి, అయినా ఆపలేదు.

"మేము దాచినం కాబట్టి నడిచింది సార్. వచ్చేటోళ్లు దాస్తరో, నవ్వుతరో తెల్వదు. మిమ్మల్ని చూసి ఎవ్వలన్న నవ్వితే మేము తట్టుకోలేం. మీరు పొయ్యి కాడ నిలవడి నేర్పియ్యుండ్రి. రుచి మాత్రం ఇంకొకలతోని చూపియ్యుండ్రి."

భోజన్న మైకు పక్కన పెట్టాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి ఆ పిల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన నిరోష తల మీద చెయ్యి పెట్టాడు.

"గట్లనే సేస్త బిడ్డా" అన్నాడు. "ఇగ నువ్వు ఏడికన్న పో. బతుకుతవ్."